రెడ్‌మి నోట్ 4: రికవరీ నిలవదు, రామ్ ఎక్కదు, సిమ్ కనబడదు – లోపం ఎక్కడుంది?

రెడ్‌మి నోట్ 4 మన దేశంలో 2017 జనవరిలో విడుదలైంది. స్నాప్‌డ్రాగన్ 625 ప్రాసెసర్, 4100 ఎంఏహెచ్ బ్యాటరీ. ఎంతమంది కొన్నారో, అంతమంది ఇళ్లల్లోనూ ఇప్పుడు బీరువా మూలన పడి ఉంది. మంచి కస్టమ్ రామ్ (కంపెనీది కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్, మెమరీ ర్యామ్ కాదు) ఎక్కిస్తే ఈ ఫోన్ ఇంకా శుభ్రంగా పనిచేస్తుంది, అందుకే దీని గురించి రాస్తున్నాను. బూట్‌లోడర్ అన్‌లాక్ చేయడం, ఫాస్ట్‌బూట్‌లోకి వెళ్లడం, వైప్ చేయడం మీకు తెలుసనే అనుకుంటున్నాను. వాటి జోలికి వెళ్లను.

మొదలుపెట్టే ముందు రెండు విషయాలు. ఎన్నిసార్లు చెప్పినా జనం వదిలేసేవి ఇవే.

ఒకటి, ఫోన్ కోడ్‌నేమ్. మన దగ్గర అమ్మిన రెడ్‌మి నోట్ 4 పేరు మిడో. ఇదే పేరుతో చైనాలో 2016లో మీడియాటెక్ హీలియో ఎక్స్20 ప్రాసెసర్‌తో ఇంకో ఫోన్ వచ్చింది, దాని కోడ్‌నేమ్ నికెల్. పెట్టె మీద పేరు ఒకటే, లోపల ఫోన్లు వేరు. "రెడ్‌మి నోట్ 4" అని వెతికి పైనొచ్చిన ఫైలు దించుకుంటే అది నికెల్‌ది కావచ్చు. రికవరీ (రామ్ ఎక్కించడానికి వాడే చిన్న సిస్టమ్), రామ్, ఫర్మ్‌వేర్ మూడింటి ఫైలు పేర్లలోనూ మిడో అని ఉందో లేదో చూడండి. స్నాప్‌డ్రాగన్ ఉన్న నోట్ 4ఎక్స్ కూడా మిడోనే, దానికి ఇవే ఫైళ్లు.

రెండు, ఎర్రర్ పైనున్న లైను. సాయం అడిగేవాళ్లు పంపే ఫొటోలో "ఎర్రర్ 7" అన్న ఎర్ర అక్షరాలే పెద్దగా కనిపిస్తాయి. వాటి పైనున్న రెండు లైన్లు ఫొటోలో ఉండవు. జవాబు ఉండేది ఆ రెండు లైన్లలోనే. టీడబ్ల్యూఆర్‌పీ అనే కస్టమ్ రికవరీలో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి కాపీ లాగ్ నొక్కితే మొత్తం లాగ్ ఫైలుగా వస్తుంది. కంప్యూటర్లో తెరిచి నింపాదిగా చదవండి. అది చదవకుండా ఇంకో రామ్, దాని తర్వాత ఇంకో రామ్ ఎక్కిస్తూ పోతే సమయం వృథా, ఫోన్ మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే.

ఫాస్ట్‌బూట్‌లో కంప్యూటర్ ఫోన్‌ను గుర్తించడం లేదు

"వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్" దగ్గర ఆగిపోతే డ్రైవర్ లేదని అర్థం. విండోస్ డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో "ఆండ్రాయిడ్" అని కనిపిస్తుంది. దానికి "ఆండ్రాయిడ్ బూట్‌లోడర్ ఇంటర్‌ఫేస్" డ్రైవర్ ఎంచుకోండి. అసలు ఏమీ కనిపించకపోతే కేబుల్ మార్చండి. చార్జింగ్ మాత్రమే అయ్యే కేబుళ్లు బజారు నిండా ఉన్నాయి.

ఇంకో రకం ఉంది. ఫోన్ దొరుకుతుంది, కానీ కమాండ్ కొట్టగానే కుందేలు బొమ్మ మాయమై, నల్లటి తెర మీద పైన చిన్న అక్షరాలతో "ప్రెస్ ఎనీ కీ టు షట్‌డౌన్" అని వస్తుంది. ఫోన్ పోయిందని టెన్షన్ పడతారు, ఫోన్‌కి ఏమీ కాలేదు. కొత్త కంప్యూటర్లలో, ముఖ్యంగా రైజెన్ ప్రాసెసర్ ఉన్నవాటిలో, యూఎస్‌బీ 3 పోర్టుతో ఈ పాత బూట్‌లోడర్‌కి పొసగదు. యూఎస్‌బీ 2 పోర్టుకి పెట్టండి. అలాంటి పోర్టే లేకపోతే మామూలు యూఎస్‌బీ 2 హబ్ మధ్యలో పెట్టి చూడండి. ఇది తెలియక విండోస్ మొత్తం మళ్లీ వేసుకున్నవాళ్లున్నారు.

రికవరీ ఎక్కింది, "ఓకే" అని కూడా వచ్చింది, తెరిస్తే పాత రికవరీయే

ఫోన్‌తో వచ్చే షావోమీ సిస్టమ్ ఎంఐయూఐ మామూలుగా బూట్ అయినప్పుడు తన రికవరీని తిరిగి రాసేసుకుంటుంది. మీరు ఫ్లాష్ చేసి, ఫోన్‌ని ఒక్కసారి సిస్టమ్‌లోకి వెళ్లనిచ్చారంటే టీడబ్ల్యూఆర్‌పీ పోయినట్టే. ఫ్లాష్ అయ్యాక రీబూట్ కమాండ్ ఇవ్వకండి. "ఫాస్ట్‌బూట్ బూట్" కమాండ్‌కి టీడబ్ల్యూఆర్‌పీ ఫైలు పేరు జోడించి నేరుగా దాన్నే తెరవండి. లేదా వాల్యూమ్ అప్, పవర్ బటన్లు కలిపి నొక్కి, లోగో రాగానే పవర్ వదిలి, రికవరీ వచ్చేదాకా వాల్యూమ్ అప్ పట్టుకోండి.

ఎంఐయూఐనే ఉంచుకుని రికవరీ మాత్రం మార్చుకునేవాళ్లకి ఇంకో చిక్కు. టీడబ్ల్యూఆర్‌పీలో మార్పులకు అనుమతిస్తూ స్వైప్ చేసి, ఇంకేమీ చేయకుండా రీబూట్ కొడితే ఫోన్ ఎంఐ లోగో దగ్గరే ఆగిపోవచ్చు. డీఎం-వెరిటీ అనే తనిఖీ సిస్టమ్ మారిందని గుర్తించి బూట్ కానివ్వదు. బయటికి రాకముందే మ్యాజిస్క్ (ఫోన్ రూట్ చేసే జిప్) గానీ, వెరిటీ తీసేసే జిప్ గానీ ఫ్లాష్ చేయండి.

ఎప్పుడు ఆన్ చేసినా రికవరీలోకే వెళ్తుంటే మీరు కమాండ్‌లో "రికవరీ" బదులు "బూట్" అని రాసి ఉంటారు. అసలు బూట్ ఇమేజ్ మళ్లీ ఫ్లాష్ చేయండి, చాలు.

పాస్‌వర్డ్ అడుగుతోంది, స్టోరేజ్ సున్నా చూపిస్తోంది

డేటా ఎన్‌క్రిప్ట్ అయి ఉంది. ఫోల్డర్ల పేర్లు అర్థంలేని అక్షరాలతో కనిపించినా అదే సంగతి. అడ్వాన్స్‌డ్ వైప్‌లో డేటా టిక్ పెట్టి తుడిస్తే ఎన్‌క్రిప్షన్ పోదు. ఫార్మాట్ డేటా అనే వేరే బటన్ ఉంది, దాన్ని నొక్కి "యస్" అని టైప్ చేయాలి. ఇంటర్నల్ స్టోరేజ్‌లో ఉన్న ఫొటోలు, ఫైళ్లు అన్నీ పోతాయి, కాబట్టి ముందే కాపీ చేసుకోండి. రామ్ జిప్ కూడా ఇంటర్నల్‌లోనే పెట్టుకుంటే అదీ పోతుంది. మెమరీ కార్డులో పెట్టండి.

ఎర్రర్ 7, లేదా రామ్ ఎక్కినా సిమ్ లేదు, వేలిముద్ర లేదు

అసలు మాట్లాడవలసింది దీని గురించే. నా దగ్గరికి వచ్చే మిడో ఫోన్లలో చిక్కుముడి ఎక్కువగా ఇక్కడే పడుతుంది, ఎందుకంటే ఈ ఒక్క కారణం ఒక్కోసారి ఒక్కో వేషంలో వస్తుంది.

ముందు ఎర్రర్ 7 సంగతి. ఇది ఒక జబ్బు పేరు కాదు. జిప్ లోపలున్న స్క్రిప్ట్ తన తనిఖీలో ఏదో నచ్చక ఆగిపోయిందని మాత్రమే దాని అర్థం. ఏది నచ్చలేదో పై లైను చెబుతుంది. "ఈ ప్యాకేజీ మిడోకి, మీ డివైస్ ఫలానా" అని ఉంటే ఫైలు తప్పు. డివైస్ పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంటే మీ రికవరీ సరైనది కాదు. మిడో కోసం చేసిన కొత్త టీడబ్ల్యూఆర్‌పీ వేసుకోండి. కానీ ఆ లైనులో మోడెమ్ (నెట్‌వర్క్ చూసే భాగం) అనో, ట్రస్ట్‌జోన్ (పిన్, వేలిముద్ర లాంటి రహస్యాలు కాపాడే భాగం) అనో, దాని పొట్టిపేరుతో టీజెడ్ వెర్షన్ అనో కనిపిస్తే రామ్‌లో తప్పేమీ లేదు, రికవరీలోనూ లేదు. మీ ఫోన్ ఫర్మ్‌వేర్ ఆ రామ్‌కి సరిపోదు.

ఫర్మ్‌వేర్ అంటే రామ్ అనుకునేవాళ్లు చాలామంది. రెండూ వేరు. కస్టమ్ రామ్ జిప్ రాసేది ముఖ్యంగా సిస్టమ్, బూట్ విభాగాల మీద. మోడెమ్, ట్రస్ట్‌జోన్, కీమాస్టర్ (తాళంచెవులు చూసేది), ఆర్‌పీఎం (పవర్ చూసేది), బూట్‌లోడర్ వేరే విభాగాల్లో ఉంటాయి, వీటినే ఫర్మ్‌వేర్ అంటారు, సాధారణంగా రామ్ వాటిని ముట్టుకోదు. ఇంటికి కొత్త రంగులేసినంత మాత్రాన గోడల్లోని పాత పైపులు మారనట్టే ఇదీ. ఎంఐయూఐ అప్‌డేట్ అయితే తనతోపాటు ఫర్మ్‌వేర్‌ని కూడా తెస్తుంది. ఎంఐయూఐ 8 రోజుల్లోనే కస్టమ్ రామ్‌కి మారి, అప్పటినుంచి రామ్ మీద రామ్ మారుస్తూ వచ్చినవాళ్ల ఫోన్లో ఆండ్రాయిడ్ ఎంత కొత్తదైనా, అడుగున ఉన్నది ఇంకా మార్ష్‌మాలో కాలం నాటి ఫర్మ్‌వేరే.

ఇక్కడే ఒక దిక్కుమాలిన సలహా తిరుగుతోంది. జిప్ తెరిచి, అప్‌డేటర్ స్క్రిప్ట్‌లో "అసర్ట్" అని మొదలయ్యే లైను తీసేసి, మళ్లీ జిప్ చేసి ఫ్లాష్ చేయమంటారు. అలా చేస్తే ఎర్రర్ 7 రాదు, నిజమే. రామ్ ఎక్కుతుంది కూడా. అసలు బాధ అప్పుడు మొదలవుతుంది. కొన్నిసార్లు బూట్ యానిమేషన్ దగ్గరే గంట తిరుగుతుంది. కొన్నిసార్లు ఫోన్ చక్కగా తెరుచుకుంటుంది గానీ సిమ్ కనబడదు. కొన్నిసార్లు సిమ్ ఉంటుంది, సెట్టింగ్స్‌లో వేలిముద్ర ఆప్షనే ఉండదు, పిన్ పెట్టబోతే సెట్టింగ్స్ మూసుకుపోతుంది. పిన్‌కి కావలసిన కీమాస్టర్ ట్రస్ట్‌జోన్ వైపు ఉంటుంది కాబట్టే అలా జరుగుతుంది. సిమ్ లేనివాడు సిమ్ ట్రే బాగు చేయించుకోవడానికి వెళ్తాడు, వేలిముద్ర లేనివాడు సెన్సర్ మార్పిస్తాడు. రెండింటికీ మూలం ఒకటేనని అక్కడ ఎవరూ చెప్పరు. హెచ్చరించే లైనుని చేతులారా తీసేసుకున్నాక ఇంకెవరు చెబుతారు? ఆ లైను జోలికి పోకండి.

ఒక ఫోన్ ఎలా చూస్తానో చెబుతాను. సిమ్ లేదని తెస్తారు. ముందు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి బేస్‌బ్యాండ్ వెర్షన్, అంటే మోడెమ్ వెర్షన్, చూస్తాను. "అన్‌నోన్" అని ఉంటే మోడెమ్ అసలు లేవలేదు. అనుమానం ఫర్మ్‌వేర్ మీదికి పోతుంది. బేస్‌బ్యాండ్ మామూలుగానే ఉండి, స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొడితే ఐఎంఈఐ రాకపోతే కథ వేరు. మోడెమ్ లేచింది గానీ ఐఎంఈఐ ఉండే ఈఎఫ్ఎస్ విభాగం పాడైంది. ఫర్మ్‌వేర్ ఎన్నిసార్లు వేసినా అది బాగుపడదు, మీరు ముందు తీసిపెట్టుకున్న ఈఎఫ్ఎస్ బ్యాకప్ రీస్టోర్ చేయాలి. అందుకే టీడబ్ల్యూఆర్‌పీ మొదటిసారి తెరిచిన రోజే బ్యాకప్‌లో ఈఎఫ్ఎస్ టిక్ పెట్టి, ఆ ఫోల్డర్‌ని కంప్యూటర్లోకి మార్చుకోండి. ఫోన్‌లోనే వదిలేస్తే ఫార్మాట్ డేటాతో అదీ పోతుంది. ఒకరి ఈఎఫ్ఎస్ ఇంకొకరి ఫోన్లో వేయకండి, ఏ ఫోన్ ఐఎంఈఐ ఆ ఫోన్‌దే.

ఫర్మ్‌వేర్ విషయానికి పరిష్కారం చిన్నదే. ఆ రామ్ తయారుచేసినవాళ్లు ఏ ఎంఐయూఐ వెర్షన్ ఫర్మ్‌వేర్ కావాలో సూచనల్లో రాస్తారు. మిడో కోసం ఉన్న ఆ ఫర్మ్‌వేర్ జిప్ దించుకోండి. ఇది రామ్ కంటే చాలా చిన్నది. దించాక ఫైలు చెడిపోలేదని తేల్చే హ్యాష్ సరిచూడండి. విండోస్‌లో సెర్ట్‌యుటిల్ అనే కమాండ్‌తో షా256 తీసి, డౌన్‌లోడ్ పేజీలో ఉన్నదానితో పోల్చండి. సగం దిగిన రామ్ జిప్ అయితే ఎక్కకుండా ఆగుతుంది, అంతే. సగం దిగిన ఫర్మ్‌వేర్ బూట్‌లోడర్ మీద పడితే ఫోనే లేవదు. బ్యాటరీ సగానికి పైన ఉండాలి. ఈ ఫోన్ల బ్యాటరీలు ఇప్పటికి ముసలివైపోయాయి, 30 శాతం చూపిస్తూనే ఆగిపోయేవి ఉన్నాయి. చార్జర్ పెట్టి బాగా నింపాకే మొదలుపెట్టండి.

టీడబ్ల్యూఆర్‌పీలో ఫర్మ్‌వేర్ జిప్ ఫ్లాష్ చేసి, మళ్లీ రికవరీలోకే రీబూట్ అవ్వండి. తర్వాత రామ్, ఆ వెంటనే జీయాప్స్ (గూగుల్ యాప్‌ల జిప్). రామ్ ఇప్పటికే నడుస్తూ సిమ్ మాత్రమే లేకపోతే ఫర్మ్‌వేర్ ఒక్కటే ఫ్లాష్ చేసి క్యాష్ తుడవండి. డేటా పోదు. రీబూట్ అయ్యాక బేస్‌బ్యాండ్ దగ్గర "అన్‌నోన్" పోయి వెర్షన్ నంబరు కనిపించాలి.

దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. కొత్త ఫర్మ్‌వేర్ వేసుకున్నాక పాత ఎంఐయూఐ బ్యాకప్ రీస్టోర్ చేస్తారు. బ్యాకప్‌లో ఫర్మ్‌వేర్ టిక్ పెట్టి ఉండరు కాబట్టి పైన పాతది, అడుగున కొత్తది. బ్యాకప్‌లో ఏం తప్పుందా అని వెతుకుతూ కూర్చోకండి, దాని వెర్షన్‌కి తగ్గ ఫర్మ్‌వేర్ వేయండి. ఇలా వెనక్కి వెళ్లడం మిడోకి చెప్పే మాట. 2018 జులై తర్వాతి ఎంఐయూఐ వేసుకున్న రెడ్‌మి నోట్ 5 ప్రోలో పాత ఫర్మ్‌వేర్ వేస్తే యాంటీ రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కి వెళ్లనివ్వని రక్షణ) వల్ల ఫోన్ పూర్తిగా డెడ్ అవుతుంది. ఆ ఫోన్లలో ముందు "ఫాస్ట్‌బూట్ గెట్‌వార్ యాంటీ" కొట్టి, వచ్చిన అంకె చూసుకోకుండా ఏదీ వెనక్కి తీసుకెళ్లకండి.

మిగిలినవి

జీయాప్స్‌లో ఎర్రర్ 70 వస్తే సిస్టమ్‌లో చోటు చాలలేదు, పికో అనే చిన్న ప్యాకేజీ వేసుకోండి. ఎర్రర్ 64 అయితే మీరు తెచ్చినది వేరే ఆర్కిటెక్చర్‌ది, మిడోకి ఆర్మ్64 కావాలి. ఫోన్ ఒకసారి తెరుచుకున్నాక జీయాప్స్ వేసి, గూగుల్ సర్వీసెస్ ఆగిపోతున్నాయంటే రామ్ నుంచి మళ్లీ మొదలుపెట్టడమే మేలు.

ఎంఐ ఫ్లాష్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో తిరిగి ఎంఐయూఐ వేసేవాళ్లు కింద వరసలో ఉన్న ఆప్షన్ చూడండి. మామూలుగా "క్లీన్ ఆల్ అండ్ లాక్" ఎంచుకుని ఉంటుంది. అలాగే వదిలేస్తే బూట్‌లోడర్ మళ్లీ లాక్ అవుతుంది, అన్‌లాక్ కోసం పడిగాపులు మళ్లీ మొదలు. "క్లీన్ ఆల్" ఎంచుకోండి.

కంప్యూటర్‌కి పెడితే "క్వాల్‌కామ్ 9008" అని మాత్రమే కనిపిస్తే బూట్‌లోడర్ కూడా లేవక ఫోన్ అత్యవసర మోడ్‌లో ఉందని అర్థం. అలవాటున్నవాళ్లకే ఇవ్వండి. ఫార్మాట్ చేసినప్పుడల్లా లాగ్‌లో "ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్" వస్తుంటే, రికవరీ మార్చినా అదే వస్తుంటే, ఈఎంఎంసీ అనే స్టోరేజ్ చిప్ పోయినట్టే లెక్క. దానికి ఏ జిప్పూ పనిచేయదు, బోర్డు మార్పించే ఖర్చుకి ఇంకో పాత మిడో వస్తుంది.