అడగకుండా మన మీద ప్రయోగం చేస్తే ఏం చేయాలి

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ పరిశోధన కోసం మూత్రం నమూనా తీసుకోవాలన్నా, అది ఎందుకో మనకు అర్థమయ్యే భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే సంతకమో వేలిముద్రో తీసుకోవాలని, వద్దంటే వదిలేయాలని భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈపాటి మర్యాద యాప్‌ల కంపెనీలకు అలవాటు కాలేదు. 2012 జనవరిలో ఫేస్‌బుక్ ఒక వారం పాటు 6,89,003 మందిపై ప్రయోగం చేసి, కొందరికి సంతోషకరమైన పోస్టులను, కొందరికి బాధాకరమైన వాటిని తగ్గించి చూపి, వారి రాతల్లో ఏం మారుతుందో కొలిచింది. 2014లో పరిశోధన పత్రం అచ్చయ్యాక గానీ ఆ సంగతి లోకానికి తెలియలేదు. తేడా అతి స్వల్పమని తేలింది, నిజమే. కానీ కొలవకముందు అది స్వల్పమని ఎవరికి తెలుసు?

ముందుగా, యాప్‌ను కొందరికి ఒకలా, మరికొందరికి ఇంకోలా చూపి చేసే ప్రయోగాన్ని పసిగట్టాలి. ఒకే యాప్ ఉన్న రెండు ఫోన్లను పక్కపక్కన పెట్టి, ఒకే సమయంలో ఒకే పేజీ తెరిచి చూడండి. ఒక సరుకుల యాప్‌లో నెలవారీ సభ్యత్వం రద్దు చేసే మీట నా ఫోన్‌లో మొదటి తెర మీదే ఉండగా, మా చెల్లెలి ఫోన్‌లో మూడు తెరలు దాటితే గానీ కనిపించలేదు. ఇద్దరివీ ఒకే వెర్షన్. మీట రంగు మార్చి చూస్తే నేను పట్టించుకోను. ధర, అప్పు, మనసు, పిల్లలు, ఈ నాలుగింటి జోలికి వస్తే మాత్రం ఊరుకోకూడదు.

రెండు తెరలనూ తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి, యాప్‌లో పేరు ఇచ్చిన ఫిర్యాదుల అధికారికి పంపండి. కోపతాపాలు లేకుండా, “నా ఖాతాను ఏ పరీక్షలో చేర్చారు, ఎప్పటి నుంచి, నా సమ్మతి ఎక్కడ తీసుకున్నారు, నన్ను తప్పించండి” అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. సామాజిక మాధ్యమాల వంటి సంస్థలు ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలని, సాధారణంగా 15 రోజుల్లో పరిష్కరించాలని 2021 ఐటీ నియమాలు పెట్టాయి; 2026 ఫిబ్రవరిలో ఆ 15 రోజులను 7 రోజులకు తగ్గించారు. కొనుగోళ్లలో మోసపుచ్చే తెరలైతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. అటువంటి 13 పద్ధతులను వినియోగదారుల రక్షణ కోసం కేంద్రం తెచ్చిన 2023 మార్గదర్శకాలు పేర్లతో సహా నిషేధించాయి.

సమ్మతి అడిగే నోటీసును తెలుగులోనూ చదువుకునే వీలుండాలని 2023 డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఆ నిబంధనల అమలుకు 2025 నవంబరు నుంచి 18 నెలల గడువిచ్చారు కాబట్టి, అప్పటిదాకా తెలుగులో చూపమని మీ ఉత్తరంలోనే అడగండి.