గ్రంథాలయం యాక్సెస్ డేటాబేస్‌ను వెబ్‌లో పెట్టే విధానం

పుస్తకాల వివరాలన్నీ మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైల్‌లో భద్రపరచుకొని, ఆ ఫైల్ ఉన్న ఒక్క కంప్యూటర్ దగ్గరకు వస్తేనే పుస్తకం ఉందో లేదో చెప్పగలిగే గ్రంథాలయాల కోసం ఈ వివరణ. నమోదు పని ఎప్పటిలాగే యాక్సెస్‌లో సాగుతుందనీ, పాఠకులు వెబ్‌లో వెతికి చూడడం తప్ప దేన్నీ మార్చరనీ ఇక్కడ అనుకుంటున్నాను. ఇంటి నుంచే పుస్తకం రిజర్వు చేసుకునే సదుపాయం కావాలంటే అది వేరే నిర్మాణం. దాని జోలికి ఇక్కడ వెళ్లడం లేదు.

యాక్సెస్ తనంతట తానే ఈ పని చేసిపెడుతుందని ఆశించకండి. 2000 వెర్షన్‌తో వచ్చిన డేటా యాక్సెస్ పేజీలు (యాక్సెస్ సమాచారాన్ని బ్రౌజర్‌లో చూపే పేజీలు) కొన్నేళ్లకే మరుగున పడ్డాయి. ఆ తరువాత షేర్‌పాయింట్ ఆన్‌లైన్ అనే మైక్రోసాఫ్ట్ వెబ్ సేవలో నడిచిన యాక్సెస్ వెబ్ యాప్‌లను మైక్రోసాఫ్ట్ 2018 ఏప్రిల్‌లో నిలిపివేసింది. అసలు ఫైల్‌నే సర్వర్ ఫోల్డర్‌లో పెట్టడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే చిరునామా ఊహించగలిగిన వారెవరైనా దానిని మొత్తంగా దించుకోవచ్చు. అందువల్ల వెబ్‌లోకి వెళ్లవలసింది మీ ఫైల్ కాదు, ప్రజలు చూడదగిన సమాచారంతో మాత్రమే కొత్తగా కట్టిన ఒక ప్రతి. ఆ ప్రతిని ఎస్‌క్యూలైట్ (మొత్తం డేటాబేస్‌ను ఒకే ఫైల్‌లో ఉంచే పద్ధతి) రూపంలో తయారుచేసి, డేటాసెట్ (Datasette) అనే ఉచిత పరికరంతో ప్రచురించడం చిన్న గ్రంథాలయాలకు అన్నిటికన్నా అనువైన మార్గమని నా అభిప్రాయం.

ముందుగా ఏ టేబుల్స్ బయటకు వెళ్లాలో నిర్ణయించుకోండి. పుస్తకాలు, రచయితలు, ప్రచురణకర్తలు, విషయ విభాగాలు వెళ్లవచ్చు. సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారన్న వివరాలు ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లకూడదు. ఒక పాఠకుడు ఏం చదువుతున్నాడన్నది అతని సొంత విషయం. పైగా వ్యక్తిగత డేటా రక్షణకు మన దేశంలో 2023లో ప్రత్యేక చట్టమే వచ్చింది. మొత్తం ఫైల్‌ను మార్చుకొని, తరువాత ఆ టేబుల్స్‌ను తొలగిద్దామని అనుకోవద్దు. ఎస్‌క్యూలైట్‌లో తొలగించిన వరుసల అవశేషాలు ఫైల్‌ను వాక్యూమ్ చేసేవరకు (అంటే ఖాళీ అయిన చోటును తీసివేసి ఫైల్‌ను తిరిగి రాసేవరకు) లోపల మిగిలి ఉండే అవకాశం ఉంది.

తరువాత తెలుగు అక్షరాల సంగతి చూడాలి. ఒక పుస్తకం పేరును కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టండి. అక్కడ తెలుగు కనిపిస్తే అది అన్ని కంప్యూటర్లూ గుర్తించే ప్రామాణిక సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌. ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కలగలిసి కనిపిస్తే, అను వంటి పాత ఫాంట్‌లో టైపు చేసినదన్నమాట. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో దానిని చదవడం అసాధ్యం, వెతకడమూ అసాధ్యం. అటువంటి కాలమ్‌లను మార్పిడి సాధనంతో ముందే యూనికోడ్‌లోకి తేవాలి. ఒకే కాలమ్‌లో ఇంగ్లిషు పుస్తకాల పేర్లు కూడా ఉంటే, భాషను బట్టి వరుసలను విడదీసి తెలుగువాటిని మాత్రమే మార్చండి. లేకపోతే చక్కగా ఉన్న ఇంగ్లిషు పేర్లు అర్థంలేని తెలుగుగా మారిపోతాయి.

యాక్సెస్‌లో ప్రతి టేబుల్‌నూ ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబ్ నుంచి టెక్స్ట్ ఫైల్‌గా ఎగుమతి చేయాలి. ఫార్మాటింగ్‌తో సహా ఎగుమతి చేయమనే గడిని ఖాళీగా వదిలితేనే తరువాతి విజార్డ్ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కి, కోడ్ పేజీగా (అక్షరాలను ఫైల్‌లో రాసే పద్ధతిగా) యూటీఎఫ్-8ను ఎంచుకోండి. తేదీల క్రమాన్ని సంవత్సరం, నెల, రోజుగా మార్చండి. లుకప్ ఫీల్డ్ (విలువను వేరే టేబుల్ నుంచి తెచ్చి చూపే ఫీల్డ్) ఉన్నచోట తెరపై రచయిత పేరు కనిపించినా ఎగుమతిలో వచ్చేది అతని సంఖ్యే కాబట్టి రచయితల టేబుల్‌ను కూడా తప్పక ఎగుమతి చేయాలి. అవును, కాదు అనే ఫీల్డులలో అవును అన్నది యాక్సెస్ లోపల -1గా ఉంటుందని గుర్తుంచుకోండి. వచ్చిన ఫైళ్లను మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. 00417 అన్న యాక్సెషన్ నంబరు (పుస్తకానికి గ్రంథాలయం ఇచ్చే వరుస సంఖ్య) 417 అయిపోతుంది.

డీబీ బ్రౌజర్ ఫర్ ఎస్‌క్యూలైట్ అనే ప్రోగ్రామ్‌లో కొత్త డేటాబేస్ తెరిచి, యాక్సెషన్ నంబరును టెక్స్ట్‌గా పేర్కొంటూ ఖాళీ టేబుల్స్‌ను ముందే నిర్మించుకొని, వాటిలోకి ఆ ఫైళ్లను దిగుమతి చేయండి. పుస్తకాల టేబుల్‌లోని రచయిత సంఖ్యకు ఫారిన్ కీ (రచయితల టేబుల్‌తో ముడి) పెడితే, డేటాసెట్ ఆ సంఖ్యకు బదులు రచయిత పేరును చూపగలుగుతుంది.

అసలు శ్రద్ధ చూపవలసింది వెతుకులాట దగ్గర. ఎస్‌క్యూలైట్‌లో ఎఫ్‌టీఎస్5 అనే శోధన పట్టిక మామూలుగా అక్షరాలనూ అంకెలనూ మాత్రమే మాటలో భాగంగా గుర్తిస్తుంది. తెలుగు గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో అక్షరాల వర్గంలో లేవు గనుక, అవి వచ్చిన ప్రతిచోటా మాటను తెంచేస్తుంది. అప్పుడు నీరు, నూరు, నోరు మూడూ దానికి న, ర అన్న రెండు ముక్కలుగానే కనిపిస్తాయి. నీటి పుస్తకం కోసం వెతికిన వారికి నోటి పుస్తకాలూ వస్తాయి. దీనిని సరిచేయడానికి పట్టికను నిర్మించేటప్పుడు టోకనైజ్ విలువలో (మాటలను విడదీసే పద్ధతిని చెప్పేచోట) యూనికోడ్61 పేరు పక్కన కేటగిరీస్ అని రాసి, అప్పటికే ఉండే ఎల్, ఎన్, సీఓ వర్గాలకు గుణింతపు గుర్తులు చేరే ఎం వర్గాన్ని చేర్చాలి (L* N* Co M*). ఈ ఒక్క మార్పు లేకుండా ప్రచురించిన తెలుగు జాబితా పాఠకుడికి దాదాపు నిరుపయోగం. కంటెంట్ విలువగా పుస్తకాల టేబుల్ పేరు ఇచ్చి, చివర శోధన పట్టికను నింపే రీబిల్డ్ ఆదేశం నడపండి; డేటాసెట్ దానిని గుర్తించి శోధన పెట్టెను తానే చూపుతుంది.

మన భాషలో ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి కనుక కథ అని వెతికితే కథలు దొరకదు. మెటాడేటా ఫైల్‌లో (డేటాసెట్ చదివే వివరాల ఫైల్‌లో) ఆ టేబుల్‌కు సెర్చ్‌మోడ్‌ను రా (raw) అని పెడితే, మాట చివర నక్షత్రం గుర్తు చేర్చి వెతకవచ్చు. ఈ సంగతిని పేజీ పైభాగంలో పాఠకులకు తప్పక చెప్పండి.

ప్రచురించే ముందు డేటాసెట్‌ను మీ కంప్యూటర్‌లోనే నడిపి, బ్రౌజర్‌లో 8001 పోర్టు దగ్గర (localhost:8001 చిరునామాలో) తెరిచి చూసుకోండి. సందర్శకులు ఇందులో సొంతంగా ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నించే భాష) ప్రశ్నలు కూడా వేయగలరు. వారు దేన్నీ మార్చలేరు గానీ ఫైల్‌లో ఉన్నదంతా చదవగలరు కాబట్టి, దాచవలసినది లోపల లేదని ఇంకొకసారి సరిచూసుకోవాలి. ఆ తరువాత పబ్లిష్ ఆదేశంతో గూగుల్ సర్వర్ సేవ అయిన క్లౌడ్ రన్‌కు పంపవచ్చు. సర్వర్ బాధ్యతే వద్దనుకుంటే, ఫైల్‌ను గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో ఉంచి, బ్రౌజర్‌లోనే నడిచే డేటాసెట్ లైట్‌తో తెరిచే మార్గం ఉంది. అయితే అప్పుడు ప్రోగ్రామూ డేటా ఫైలూ రెండూ పాఠకుడి బ్రౌజర్‌లోకి దిగాలి కనుక, నెమ్మదైన ఫోన్లలో మొదటి పేజీ రావడానికి చాలాసేపు పడుతుంది.

యాక్సెస్‌లో కొత్తగా చేర్చిన పుస్తకాలు వెబ్‌లో వాటంతటవే కనిపించవు. ఎగుమతి సెట్టింగులను యాక్సెస్‌లో సేవ్ చేసుకొని, నెలకొకసారి కొత్త ప్రతిని కట్టి మళ్లీ ప్రచురించండి. ఆ ప్రతి ఏ తేదీదో మెటాడేటాలోని వివరణలో రాస్తే, నిన్న వచ్చిన పుస్తకం జాబితాలో ఎందుకు లేదో పాఠకులకు అర్థమవుతుంది.