కొత్త ఫార్మసిస్టుకు నెట్‌లో వెతకడం ఇలా నేర్పండి

మెడికల్ షాపులో కొత్తగా చేరినవాళ్లకు ఫోన్ ముట్టుకోవద్దని చెప్పడం కంటే, ఎక్కడ చూడాలో నేర్పడం మేలు. మొదటి అలవాటు, బ్రాండ్ పేరుతో కాకుండా స్ట్రిప్ మీదున్న మందు పేరుతో వెతకడం. డోలో అని కాదు, పారాసెటమాల్ అని కొట్టాలి. ఒకే బ్రాండ్ పేరు వేరే దేశంలో వేరే మందుకు ఉండొచ్చు.

నేను రోజుకో ప్రశ్న ఇస్తాను. ఉదాహరణకు, పాలిచ్చే తల్లి సెట్రిజిన్ వేసుకోవచ్చా? గూగుల్‌లో పైన కనిపించింది చదివి చెబితే ఒప్పుకోను. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం ఉచితంగా అందిస్తున్న లాక్ట్‌మెడ్‌లో (పాలిచ్చే తల్లులు వాడే మందుల సమాచారం ఉండే ఆన్‌లైన్ డేటాబేస్) చూడమంటాను. అప్పుడప్పుడు తక్కువ డోసు ఫర్వాలేదని, ఎక్కువ డోసు లేదా ఎక్కువ రోజులు వాడితే బిడ్డకు మగత రావచ్చని, పాలు తగ్గొచ్చని అందులో ఉంటుంది. చదివింది ఆ తల్లికి అర్థమయ్యేలా తెలుగులో రెండు ముక్కల్లో చెప్పించండి. చాలామంది తడబడేది ఇక్కడే, టెన్షన్ పెట్టకుండా మళ్లీ మళ్లీ చెప్పించాలి.

నెలనెలా కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ వెబ్‌సైట్‌లో నాణ్యత తప్పిన మందుల జాబితా వస్తుంది. అందులోని బ్యాచ్ నంబర్లను మన ర్యాకుల్లో ఉన్నవాటితో సరిచూడమనండి. సైడ్ ఎఫెక్టులు రిపోర్ట్ చేసే టోల్‌ఫ్రీ నంబర్ 1800-180-3024 కౌంటర్ దగ్గర రాసి అంటించండి.