పెళ్ళికొడుక్కి పంచె కట్టడం ఎలా?

ఈమధ్య ఏ పెళ్ళికి వెళ్లినా ఇదే వరస. తలంబ్రాలు దోసిలి నిండా తీసుకుని పోయాల్సిన పెళ్ళికొడుకు ఒంటి చేత్తో పోస్తుంటాడు. రెండో చెయ్యి నడుము దగ్గర పంచె పట్టుకుని ఉంటుంది. ఫొటోగ్రాఫర్ "చెయ్యి తియ్యండి సార్" అంటాడు. అతను తియ్యడు, తీస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. పక్కనున్నవాళ్లేమో ఈ కాలం పిల్లలకి పంచె అలవాటు లేదంటారు. అలవాటుదేముంది, అసలు తప్పు కట్టినవాళ్లది.

అద్దం ముందు నిటారుగా నిలబెట్టి, బిగించి కట్టి, బాగుందని పంపించేస్తారు. పెళ్ళికొడుకు పందిట్లో నిలబడేదెంతసేపు? పీటల మీద గంటల తరబడి మఠం వేసుకుని కూర్చోవాలి. లేవాలి, మళ్లీ కూర్చోవాలి. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఏడడుగులు నడవాలి. సన్నికల్లు దగ్గర వంగి మెట్టెలు తొడగాలి. అందుకే పెళ్ళి పంచెని కూర్చోవడానికి కట్టాలి. కింద చెప్పేదంతా ఆ ఒక్కదాని కోసమే.

ముందు సామాన్లు

నూలు పంచె తీసుకోండి. పొడవు తొమ్మిది మూరలు, అంటే సుమారు నాలుగు మీటర్ల పైచిలుకు. మనిషి పొడగరైనా, కొంచెం ఒళ్లున్నవాడైనా పది మూరలు. అంతకంటే తక్కువైతే గోచీ కట్టుకి చాలదు. షాపులో రెండు మీటర్ల అడ్డపంచె అంటగడతారు, ప్యాకెట్ మీద కొలత చూసి తీసుకోండి. అంచు రెండు అంగుళాలకు మించకూడదు. నాలుగైదు అంగుళాల జరీ అంచు షాపులో బాగానే ఉంటుంది కానీ, కుచ్చిళ్లు పోసేసరికి ఆ బరువుకి ముందు భాగం కిందికి లాగేస్తుంది.

మంగళగిరి నూలు పంచెలు పెళ్ళికి చక్కగా సరిపోతాయి. నేత గట్టిగా ఉంటుంది, మడత పెట్టిన చోట నిలుస్తుంది. పొందూరు ఖద్దరు దొరికితే ఇంకేం కావాలి! శ్రీకాకుళం జిల్లాలో ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, సన్నని నూలు వడికి నేస్తారు. ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. పట్టు పంచె వద్దని నా గట్టి అభిప్రాయం. జారుతుంది, ఉక్కపోస్తుంది, హోమం ముందు కూర్చున్నప్పుడు చెమటకి అంటుకుపోతుంది. పెద్దవాళ్లు పట్టే కావాలని పట్టుబడితే స్నాతకానికి కట్టండి, ముహూర్తానికి మాత్రం నూలే.

కొత్త పంచెని ఒకసారి నీళ్లలో జాడించి, పల్చటి గంజి పెట్టి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేయించండి. షాపు నుంచి తెచ్చిన మడతలతోనే కడితే అట్టలా నిలబడుతుంది. ఎక్కువ గంజి పెట్టినా అంతే.

లోపల మెత్తటి కాటన్ షార్ట్స్ వేయించండి. నడుముకి మొలతాడు ఉంటే మంచిది, లేకపోతే వేలు మందం కాటన్ నాడా ఒకటి బిగించి కట్టండి. పంచెని పట్టుకునేది ఈ నాడాయే. తోలు బెల్టు వద్దు. కూర్చున్నప్పుడు దాని బకిల్ పొట్టలో గుచ్చుకుంటుంది, పైగా పంచె కింద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది.

నడుము ముడి

పంచెని వెనక నుంచి నడుము చుట్టూ తెచ్చి, రెండు కొసలూ ముందు సమానంగా వచ్చేలా పట్టుకోండి. కింది అంచు వెనక మడమను తాకీ తాకనట్టు ఉండాలి. బొడ్డు కింద రెండంగుళాల దగ్గర పై అంచులు రెండూ కలిపి ఒక్క ముడి వెయ్యండి. బొడ్డు మీదికి కడితే కూర్చోగానే పొట్ట ముడిని కిందికి తోసేస్తుంది. ముడి వేసేటప్పుడు అబ్బాయిని ఊపిరి వదలమనండి. చాలామంది టెన్షన్‌లో ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. అప్పుడు వేసిన ముడి కాసేపటికి అయితే బిగిసిపోతుంది, లేదంటే వదులైపోతుంది. ముడి చుట్టూ ఉన్న బట్టని నాడా కిందికి ఒక వరస దోపండి.

ఇప్పుడు ముందు వైపు ఎడమ పక్క ఒక పొడవాటి కొస, కుడి పక్క ఒక పొడవాటి కొస వేలాడుతుంటాయి. ఎడమది కాళ్ల మధ్య నుంచి వెనక్కి పోతుంది, కచ్చ అనేది దాన్నే. కుడిది ముందు కుచ్చిళ్లవుతుంది.

కచ్చ

పంచె ఊడిపోయిన ప్రతిచోటా కారణం ఇక్కడే ఉంటుంది. తొందరపడకండి. ముహూర్తం దగ్గర పడిందని పురోహితుడు కేకలేస్తున్నా ఈ పని మాత్రం నిదానంగా చెయ్యండి.

ఎడమ కొసను తీసుకుని కింది అంచు వైపు నుంచి మొదలుపెట్టి నాలుగు వేళ్ల వెడల్పున మడతలు పెట్టుకుంటూ పైకి రండి. అంచు పైకి కనిపించాలి. మడతలన్నీ ఒకే వెడల్పున లేకపోతే వెనక నుంచి చూసినప్పుడు పోగు పెట్టినట్టు ఉంటుంది. మడతలు చేతిలో పట్టుకున్నాక అబ్బాయిని కాళ్లు భుజాలంత ఎడంగా పెట్టి, మోకాళ్లు కొంచెం వంచమనండి. ఈ వంపే ప్రాణం. నిటారుగా నిలబడ్డ మనిషికి కచ్చ పెడితే, అతను కూర్చునేసరికి అదే బట్ట ఇంకా ఎక్కువ దూరం సాగాల్సి వస్తుంది. సాగడానికి బట్ట ఎక్కడుంది? వెనక దోపిన చోట నుంచి ఊడి వస్తుంది. అక్కడ ఊడకపోతే తొడ దగ్గర చిరుగుతుంది. పీట మీద కూర్చుంటుండగా "టర్ర్" మని వినిపించిన శబ్దాలన్నీ బిగించి లాగిన కచ్చల పుణ్యమే.

మడతల్ని కాళ్ల మధ్య నుంచి వెనక్కి ఇవ్వండి. వెనక ఇంకొకరు అందుకోవాలి, ఇది ఒక్కరు చేసే పని కాదు. అందుకున్నవాళ్లు గుంజకూడదు. అందరూ చేసే తప్పు ఇక్కడే: బలంగా లాగితే గట్టిగా ఉంటుందనుకుంటారు. అలా లాగినప్పుడు ఎడమ కాలి మీద కింది అంచు చీలమండ నుంచి పిక్క దాకా ఎగబాకుతుంది. ముందు నుంచి చూస్తే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. కాబట్టి ఒకరు వెనక అందుకుంటుంటే, ఇంకొకరు ముందు కూర్చుని ఎడమ చీలమండ దగ్గర అంచుని వేళ్లతో పట్టుకుని ఉండాలి. అంచు కదలడం మొదలవగానే "చాలు" అనాలి.

ఎంత వదులు ఉండాలంటే, తొడల మధ్య బట్టకీ ఒంటికీ నడుమ ఒక పిడికిలి పట్టాలి. అంతకంటే ఎక్కువైతే నడిచేటప్పుడు బట్ట కాళ్లకి అడ్డం పడుతుంది. తక్కువైతే ఏమవుతుందో పైన చెప్పాను.

ఇక దోపడం. సరిగ్గా వెన్నెముక మీద, నాడా కిందికి, బెత్తెడు లోతు దోపండి. రెండు వేళ్ల లోతు దోపి వదిలేస్తారు చాలామంది, అది నిలవదు. దోపాక నడుము దగ్గర పైన మిగిలిన బట్టని బయటికి ఒక చుట్టు చుట్టి మళ్లీ లోపలికి నొక్కండి. పక్కకి దోపితే కూర్చున్నప్పుడు పిరుదు కింద మడత పడి గంటసేపట్లో కాలు తిమ్మిరెక్కుతుంది.

ఇప్పుడు పరీక్ష. కుచ్చిళ్లు ఇంకా పెట్టకుండానే, కుడి కొస చేతికిచ్చి, అబ్బాయిని నేల మీద మఠం వేసుకుని కూర్చోబెట్టండి. చేతులు ఆనించకుండా లేవమనండి. గొంతుక్కూర్చుని ముందుకు వంగమనండి, మెట్టెలు తొడిగేటప్పుడు అలాగే వంగాలి కదా. మళ్లీ లేవమనండి. కచ్చ ఒక్క వేలు వెడల్పు కదిలినా విప్పేసి మొదటి నుంచి పెట్టండి. సర్దితే సరిపోతుందని అనుకోవద్దు, సర్దిన కచ్చ పందిట్లో నిలవదు. మా మేనల్లుడు కూడా ఇలాగే "మావయ్యా, జారుతుందేమో" అని గొణుగుతూ ఉన్నాడు. "కూర్చుని లే, జారితే అప్పుడు చెప్పు" అన్నాను. కూర్చున్నాడు, లేచాడు, ఇంకోసారి తనే కూర్చుని లేచాడు. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పరీక్ష వల్ల పంచెతో పాటు పెళ్ళికొడుకు మనసు కూడా కుదుటపడుతుంది.

పంచె నిలవదని అనుమానపడేవాళ్లకి ఒక్క మాట. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా పాదయాత్ర చేసింది పంచెకట్టుతోనే. ఎండలో రోజుల తరబడి నడిచినా నిలిచిన కట్టు, పందిట్లో ఏడడుగులకి నిలవదా?

కుచ్చిళ్లు

ఇది తేలిక. కుడి కొసను నిలువుగా, అరచేతి వెడల్పు మడతలు పెట్టుకుంటూ ముడి దాకా రండి. మడతల పై భాగం బొడ్డు కింద ముడి మీద దోపండి. కింద అంచులన్నీ ఒక దాని మీద ఒకటి కూర్చునేలా చేత్తో నిమరండి. కుచ్చిళ్లలో బయటి కొసను తీసి మళ్లీ నడుము దగ్గర దోపితే ముందు విసనకర్రలా విచ్చుకుంటుంది. ఆ విచ్చుకోవడంలోనే అందమంతా ఉంది. పాదం మీద పడి పొర్లకూడదు, పాదం పైన ఆగాలి.

పిన్నీసులు పెట్టాలా అని అందరూ అడుగుతారు. కుచ్చిళ్లకి లోపల వైపు ఒకటి పెట్టుకోండి, కచ్చకి మాత్రం పెట్టొద్దు. కచ్చ కాస్త కదలాల్సిన చోటు. పిన్నీసు పెడితే కదలలేక బట్టే చిరుగుతుంది.

రెడీమేడ్ పంచెల గురించి కూడా చెప్పాలి. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో పెళ్ళి చేసుకునే అబ్బాయిలు వెల్క్రో పంచె తెప్పించుకుంటారు. కట్టేవాళ్లు లేరని వాళ్ల బాధ, అర్థం చేసుకోగలను. కానీ కుచ్చిళ్లు కుట్టేసిన పంచెకి కచ్చలో ఎంత వదులు ఉండాలో దర్జీ ముందే నిర్ణయించేస్తాడు. మనిషి ఒంటి కొలత దానికి తెలీదు. పైగా మధుపర్కాలు మామూలుగా కుట్టని బట్టగానే ఇస్తారు, అప్పుడైనా ఎవరో ఒకరు కట్టాల్సిందే. మామయ్యో, బాబాయో, స్నేహితుడో ఒక్కరు నేర్చుకుని పెళ్ళికి ముందు వారం రోజులు సాయంత్రాలు కట్టి చూస్తే సరిపోతుంది.

కండువా, బ్రహ్మముడి

ఉత్తరీయాన్ని ఎడమ భుజం మీద మడిచి వేసి ఒక పిన్నీసుతో లాల్చీకి పట్టించండి. లాల్చీ లేకుండా ఒట్టి ఒంటి మీద వేసే ఇళ్లలో వదిలెయ్యండి, మనిషే సర్దుకుంటాడు. ఒక్కటి మాత్రం చెయ్యొద్దు: ఉత్తరీయం కొసను నడుము దగ్గర పంచెలో దోపకండి. బ్రహ్మముడి వేసేది ఈ కొసకీ అమ్మాయి చీర కొంగుకీ. హోమం చుట్టూ తిరిగేటప్పుడు అమ్మాయి ఒక అడుగు వెనకబడినా ఆ లాగుడు మొత్తం పంచె మీద పడుతుంది. కచ్చ ఎంత బాగా పెట్టినా ముందు కుచ్చిళ్లు ఊడి వస్తాయి. ముడి వేసే పెద్దలకి కూడా ముందే చెప్పండి, ఇద్దరి మధ్య మూడు అడుగుల బట్ట వదిలి ముడి వెయ్యమని.

మధుపర్కాలు మార్చేటప్పుడు

ఎర్ర అంచు తెల్ల నూలు బట్టలు అమ్మాయి తరఫువాళ్లు పెడతారు. కొన్ని ఇళ్లలో జీలకర్ర బెల్లం ముందే మారుస్తారు, కొన్ని ఇళ్లలో తర్వాత. ఎప్పుడైనా సరే, మీ చేతికి దొరికేది పది నిమిషాలే. ఇంతసేపు జాగ్రత్తగా కట్టిన పంచె విప్పేసి, మూలలకి పసుపు పెట్టిన కొత్త బట్టని ఏ మూల గదిలోనో నిలబెట్టి చుట్టేస్తారు. పరీక్ష ఉండదు, కూర్చోబెట్టడం ఉండదు. పెళ్ళిలో అసలు ఘట్టాలకి కట్టే పంచె ఇదే, కెమెరాలు ఎక్కువ తిరిగేదీ అప్పుడే.

జీలకర్ర బెల్లం పెట్టుకుని, అడ్డతెర దించగానే అమ్మాయీ అబ్బాయీ ఒకరినొకరు తలెత్తి చూసుకోవాలి. ఆ చూపులో ఉండాల్సిన అబ్బాయి ధ్యాస నడుము దగ్గర ఉండకూడదు. నిండుగా కట్టిన పంచెలో నిటారుగా కూర్చున్న అబ్బాయికి ఉండే అందం ఏ షేర్వాణీకీ రాదు. ఉత్తరాది పెళ్ళిళ్ల నుంచి తెచ్చుకున్న ఆ కోట్లు రిసెప్షన్‌కి వేసుకోనివ్వండి.

అందుకని మధుపర్కాల పంచెని ముందు రోజే అమ్మాయి వాళ్ల దగ్గర అడిగి కొలత చూసుకోండి. ఎనిమిది మూరలు తెచ్చి ఉంటే అప్పుడే మార్పించవచ్చు. మొగమాటపడకండి, వియ్యాలవారితో ఈ మాట ముందు రోజు చెప్పడం తేలిక, పందిట్లో చెప్పడం కష్టం. బట్టలు మార్చే గదిలో ఒక పీట వేయించి ఉంచండి. కట్టేవాళ్లు ఇద్దరే లోపల ఉండాలి, మిగతా బంధువుల్ని బయటికి పంపండి. నాడా విప్పొద్దు, పాత పంచె మాత్రమే తియ్యండి. కచ్చ పెట్టి, పీట మీద ఒక్కసారి కూర్చోబెట్టి, లేపి, అప్పుడు కుచ్చిళ్లు పెట్టండి. అరుంధతిని చూపించడానికి ఆరుబయటికి తీసుకెళ్లే ముందు వెనక నిలబడి కచ్చ ఒకసారి చేత్తో నొక్కి చూడండి, వదులైతే అక్కడే లోపలికి దోపేసి పంపండి.