క్లయింటు నుంచి రాబట్టుకున్న ఖర్చులను వ్యాట్ రిటర్న్‌లో చూపడం ఎలా

బ్రిటన్‌లో వ్యాట్‌కు నమోదైన చిన్న వ్యాపారులు తరచుగా తడబడే చోటు ఒకటుంది. క్లయింటు పని మీద పెట్టిన రైలు టికెట్టు, హోటలు ఖర్చులను ఇన్‌వాయిస్‌లో వేసేటప్పుడు వాటి మీద వ్యాట్ కలపాలా వద్దా అన్నదే ఆ చోటు. టికెట్టు మీద వ్యాట్ లేదు గనుక తామూ వేయనక్కర్లేదని చాలామంది అనుకుంటారు. రసీదులో ఏముందన్నది తర్వాతి మాట. ముందు ఆ ఖర్చు ఎవరిదో తేల్చుకోవాలి.

రైలులో కూర్చున్నదీ, హోటల్లో పడుకున్నదీ మీరు. క్లయింటుకు అందింది మీ సేవ మాత్రమే. కాబట్టి ఆ ఖర్చులు మీ సేవ వెలలో భాగమవుతాయి, మీ సేవకు 20 శాతం వ్యాట్ వర్తిస్తే వాటికీ అదే వర్తిస్తుంది.

ఒక లెక్క చూద్దాం. మీ ఫీజు 1,000 పౌండ్లు, వ్యాట్ లేని రైలు ఛార్జీ 60 పౌండ్లు, హోటలు బిల్లు వ్యాట్ 20 పౌండ్లతో కలిపి 120 పౌండ్లు అనుకోండి. హోటలు వ్యాట్‌ను మీరు రిటర్న్ ద్వారా ప్రభుత్వం నుంచి ఎలాగూ వెనక్కి తీసుకుంటారు గనుక క్లయింటుకు 100 పౌండ్లే వేయడం సబబు. అప్పుడు ఇన్‌వాయిస్ 1,160 పౌండ్లు, దాని మీద వ్యాట్ 232, మొత్తం 1,392 పౌండ్లు అవుతుంది. రిటర్న్‌లో బాక్స్ 1లో (అమ్మకాల మీద వ్యాట్) 232, బాక్స్ 4లో (వెనక్కి తీసుకునే వ్యాట్) 20, బాక్స్ 6లో (వ్యాట్ కలపని అమ్మకాల మొత్తం) 1,160, బాక్స్ 7లో (వ్యాట్ కలపని కొనుగోళ్ల మొత్తం) 160 చేరుతాయి. కట్టవలసింది 212 పౌండ్లు. అదే రైలు ఛార్జీని వ్యాట్ లేకుండా వేసి, తర్వాత క్లయింటును అడగలేని పరిస్థితి వస్తే, అందిన 60 పౌండ్లలోనే ఆరో వంతు, అంటే 10 పౌండ్లు, మీ జేబులోంచి పోతాయి.

క్లయింటు సొంత ఖర్చును ఆయన తరఫున మీరు చెల్లించిన సందర్భం వేరు. దీన్ని డిస్‌బర్స్‌మెంట్ అంటారు. క్లయింటు కంపెనీ తరఫున కంపెనీస్ హౌస్‌కు, అంటే బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థకు, కట్టిన రుసుము ఇందుకు మంచి ఉదాహరణ. చెల్లించే బాధ్యత క్లయింటుదై, ఆ సేవ ఆయనకే అంది, అది మూడో వ్యక్తి ఇచ్చేదని ఆయనకు తెలిసి, తన తరఫున చెల్లించమని ఆయన మీకు అనుమతి ఇచ్చి ఉండాలి. అది మీ సొంత సేవకు అదనమైనదని స్పష్టంగా ఉండాలి, ఇన్‌వాయిస్‌లో విడిగా కనబడాలి, చెల్లించినంతే వసూలు చేయాలి. వీటిలో ఒక్కటి తప్పినా అది డిస్‌బర్స్‌మెంట్ కాదు. ఇన్‌వాయిస్‌లో ఆ పేరు రాసినంత మాత్రాన అయిపోదు. నిజమైన డిస్‌బర్స్‌మెంట్ మీద మీరు వ్యాట్ వేయరు, అందులో వ్యాట్ ఉన్నా వెనక్కి తీసుకోలేరు, అది రిటర్న్‌లోని ఏ బాక్సులోనూ కనబడదు.

సాఫ్ట్‌వేర్‌లో కోడ్ ఎంచుకునేటప్పుడు ప్రత్యేకంగా జాగ్రత్త పడమని నా మనవి. డిస్‌బర్స్‌మెంటుకు జీరో రేటు కోడ్ (వ్యాట్ పరిధిలోనిదే అయినా రేటు సున్నా అయిన అమ్మకాలకు వాడేది) ఇస్తే ఆ మొత్తం బాక్స్ 6లోకి వెళ్లిపోతుంది. వ్యాట్ పరిధిలోకి రానిదనే కోడ్ ఇవ్వాలి. అలాగే క్లయింటు చెల్లించిన ప్రయాణ ఖర్చును మీ ఖర్చుల ఖాతాలో తగ్గింపుగా రాయకుండా, అమ్మకంగానే నమోదు చేయాలి.

ఫ్లాట్ రేట్ పథకంలో, అంటే టర్నోవర్ మీద ఒక నిర్ణీత శాతాన్ని వ్యాట్‌గా కట్టే పద్ధతిలో, ఉన్నవారు రాబట్టుకున్న ఖర్చులను వ్యాట్‌తో సహా టర్నోవర్‌లో కలిపి, దాని మీద తమ శాతం లెక్కకట్టాలి. డిస్‌బర్స్‌మెంట్లను మాత్రం కలపరు. ఇంకా నమోదు కానివారు సైతం ఈ తేడాను గమనించాలి, ఎందుకంటే వ్యాట్ నమోదును తప్పనిసరి చేసే 90,000 పౌండ్ల టర్నోవర్ పరిమితిని చూసేటప్పుడు రాబట్టుకున్న ప్రయాణ ఖర్చులూ లెక్కలోకి వస్తాయి.

పాత రిటర్న్‌లలో పొరపాటు జరిగి, నికర తేడా 10,000 పౌండ్లు దాటకపోతే, అది ఉద్దేశపూర్వకంగా చేసినది కానంత వరకు తర్వాతి రిటర్న్‌లోనే సరిదిద్దవచ్చు. ఆ సవరణకు కారణం, తేదీ, లెక్క మీ పుస్తకాల్లో రాసి ఉంచుకోండి.