ఐర్లండ్ ఆర్కైవ్స్‌లో పాత ఉత్తరాలను వెతకడం ఎలా?

ఒకరు రాసిన ఉత్తరాలు కావలసినవారు సాధారణంగా ఆ వ్యక్తి పేరుతో భద్రపరచిన పత్రాలనే ముందుగా తెరిపిస్తారు. అక్కడ దొరికేవి చాలావరకు ఆయనకు ఇతరులు రాసినవే. ఉత్తరం అందుకున్నవారి ఇంట్లోనే మిగులుతుంది కనుక, ఆయన ఏయే బంధువులకు, మిత్రులకు, అధికారులకు రాసి ఉంటారో ముందు జాబితా వేసుకుని, వారి పేర్లతో కేటలాగులు చూడాలి. వృత్తిపరమైన ఉత్తరాల విషయం కొంత వేరు: వ్యాపార సంస్థలు, భూస్వాముల ఎస్టేటు కార్యాలయాలు తాము పంపిన ఉత్తరాల నకళ్లను పుస్తకాల రూపంలో ఉంచుకునేవి. అటువంటి నకళ్ల పుస్తకం ఒక్కటి దొరికినా ఏళ్ల తరబడి సాగిన వ్యవహారం వరుసగా తెలుస్తుంది.

రచయితలు, కుటుంబాలు, ఎస్టేటుల ఉత్తరాలకు డబ్లిన్‌లో కిల్డేర్ వీధిలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ ఐర్లండ్‌తో మొదలుపెట్టడం మంచిది. స్వాతంత్ర్యోద్యమ నాయకుల పత్రాలు అనేకం యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి; ఏమన్ డి వలేరా పత్రాలకు అక్కడి సంకేతం పి150. ఉత్తర ఐర్లండ్‌కు సంబంధించినవాటిని బెల్‌ఫాస్ట్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో చూడాలి. ఉత్తర అమెరికాకు వలస వెళ్లినవారి ఉత్తరాలను చరిత్రకారుడు కెర్బీ మిల్లర్ దశాబ్దాల పాటు సేకరించారు. గాల్వే విశ్వవిద్యాలయం వాటిని 2024లో ప్రారంభించిన ‘ఇమిర్కె’ అనే డిజిటల్ భాండాగారంలో ఉంచింది కనుక, వాటిని ఇంటి నుంచే చదువుకోవచ్చు.

1922 జూన్ 30న డబ్లిన్‌లోని న్యాయస్థానాల భవన సముదాయమైన ఫోర్ కోర్ట్స్‌లో జరిగిన పేలుడులోను, మంటల్లోను అక్కడి పబ్లిక్ రికార్డ్ ఆఫీసు నాశనమైంది. ఐర్లండ్ రికార్డులన్నీ అప్పుడే కాలిపోయాయని అనుకుని వెనుదిరగడం తొందరపాటు. బ్రిటిష్ పాలనలో ఐర్లండ్ వ్యవహారాలు చూసిన చీఫ్ సెక్రటరీ కార్యాలయం పత్రాలు డబ్లిన్ కోటలో ఉండటం వల్ల బతికిపోయాయి. ఇప్పుడవి బిషప్ వీధిలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1818 నుంచి మొదలయ్యే ఆ రిజిస్టరు పత్రాలలో మేజిస్ట్రేట్ల నివేదికలతో పాటు ఖైదీల, నిరుపేదల అర్జీలు కూడా ఉన్నాయి. పేరు మోసిన నాయకుల ఉత్తరాల కన్నా నాకు ఈ అర్జీలే విలువైనవిగా తోస్తాయి.

వీటిని వెతకడానికి ఓపిక కావాలి. కార్యాలయానికి వచ్చిన ప్రతి ఉత్తరానికీ ఆ సంవత్సరపు వరుస సంఖ్య ఇచ్చేవారు. అదే విషయంపై తరువాత మరొక ఉత్తరం వస్తే, పాత కాగితాలను కొత్త సంఖ్య కిందికి చేర్చేవారు. కాబట్టి సూచికలో పేరు చూసి, రిజిస్టరులో సంఖ్య పట్టుకుని, ఆ నమోదు పక్కన మరో సంఖ్య సూచించి ఉంటే దానికి వెళ్లి, గొలుసు ఎక్కడ ఆగుతుందో అక్కడి కట్టను తెప్పించుకోవాలి. మొదటి సంఖ్య దగ్గర ఏమీ లేనంత మాత్రాన పత్రం పోయిందని నిర్ధారించకూడదు.

చదివేటప్పుడు మొదట తేదీ తేల్చుకోవాలి. 1752కు ముందు అధికారికంగా సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందువల్ల ఫిబ్రవరి 1740 అని రాసి ఉన్న ఉత్తరం మన లెక్కలో 1741కి చెందినది కావచ్చు. తేదీ లేకపోతే పోస్టు ముద్ర చూడాలి. 1840లో, దూరమెంతైనా ఒకే రుసుము ఉండే పెన్నీ తపాలా రాకముందు రుసుము దూరాన్ని, కాగితాల సంఖ్యను బట్టి ఉండేది. కవరు కూడా ఒక కాగితంగా లెక్కకు వచ్చేది కనుక ఉత్తరాన్నే మడిచి పైన చిరునామా రాసేవారు. ఒకే పుటలో అడ్డంగా రాసి, కాగితం తిప్పి, ఆ వరుసల మీదనే మళ్లీ నిలువుగా రాయడానికీ ఈ పొదుపే కారణం. ఊళ్ల పాత పేర్లు కూడా గుర్తుంచుకోవాలి: క్వీన్స్‌టౌన్ నేటి కోవ్, కింగ్స్ కౌంటీ నేటి ఆఫలీ.

పఠన మందిరానికి వెళ్లే ముందు రీడర్ టికెట్, ఫొటో తీసుకునే నిబంధనల గురించి ఆయా సంస్థలను అడిగి తెలుసుకోవాలి. లోపల రాసుకోవడానికి పెన్సిలే వాడాలి. కట్టలోని కాగితాల క్రమం మార్చకూడదు. ప్రతి నకలు పక్కనా సంస్థ పేరు, సేకరణ సంకేతం, పత్రం సంఖ్య అప్పటికప్పుడే రాసుకోవాలి. ఉత్తరాన్ని ప్రచురించదలచినవారు మరో సంగతి గమనించాలి: కాగితం ఆర్కైవ్స్‌దైనా కాపీరైటు సాధారణంగా రాసినవారిదే. ఐర్లండ్ చట్టం ప్రకారం అది రచయిత మరణానంతరం 70 ఏళ్లు ఉంటుంది; ఆ గడువు తీరకపోతే సంస్థ అనుమతితో పాటు వారసుల అనుమతి కూడా తీసుకోవాలి.