మొక్కకు తెలియకుండా దాని ఫోటో తీయడం ఎలా

రాత్రి చీకట్లో మొక్క ఏం చేస్తుందో చూద్దామని లైటు వేశామంటే, ఇక అది చీకట్లో ఉన్న మొక్క కాదు. ఎరుపు కాంతికి ఫైటోక్రోమ్ (మొక్కలో కాంతిని పసిగట్టే ప్రోటీన్) స్పందిస్తుంది, నీలం పడితే పత్రరంధ్రాలు తెరుచుకుంటాయి. దీనికి నాకు బాగా నచ్చిన దారి క్వాంటమ్ ఘోస్ట్ ఇమేజింగ్. 2024లో అమెరికాలోని లాస్ అలమోస్ నేషనల్ లాబొరేటరీ వాళ్లు బతికున్న మొక్కల మీదే దీన్ని చేసి చూపించారు. ఆప్టిక్స్ ల్యాబ్ అందుబాటులో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

405 నానోమీటర్ల లేజర్‌ని బీబీఓ (బేరియం బోరేట్) లాంటి క్రిస్టల్ గుండా పంపితే, ఎప్పుడో ఒక ఫోటాన్ (కాంతి కణం) రెండుగా చీలుతుంది. రెండింటి శక్తీ కలిపితే మొదటిదాని శక్తే రావాలి కాబట్టి, ఒకటి 570 నానోమీటర్ల దగ్గర పుట్టేలా క్రిస్టల్ కోణం సరిచేస్తే రెండోది దాదాపు 1400 దగ్గర వస్తుంది. 1400ది ఆకు మీదికి, 570ది నేరుగా కెమెరాకి. ఆకు వెనక పిక్సెళ్లు లేని డిటెక్టర్ ఒకటి పెడతాం, అది "ఫోటాన్ వచ్చింది" అని మాత్రమే చెబుతుంది. సరిగ్గా ఆ క్షణానికి దాని జంట కెమెరాలో ఎక్కడ పడిందో పోగుచేస్తూ పోతే ఆకు బొమ్మ తేలుతుంది. మొక్కను తాకిన కాంతి కెమెరా దాకా రానే రాదు!

1400 ఎందుకంటే అక్కడ పత్రహరితం పట్టించుకోదు, నీరు మాత్రం బాగా పీల్చుకుంటుంది. నీరున్న చోట ఆకు నల్లగా, ఎండుతున్న చోట తెల్లగా కనిపిస్తుంది.

అసలు కష్టం లేజర్ లీకేజీ. 50 మిల్లీవాట్ల లేజర్ నుంచి సెకనుకు సుమారు 10^17 ఫోటాన్లు వస్తాయి. లేజర్ కాంతిని ఆపే మీ ఫిల్టర్ వెయ్యి కోట్లలో ఒక్కటే వదిలినా సెకనుకు కోటి నీలి ఫోటాన్లు ఆకు మీద పడతాయి, మీ జంటల కంటే అవే ఎక్కువ కావచ్చు. అందుకే మొక్క వైపు దారిలో రెండు వైపులా పాలిష్ చేసిన సిలికాన్ వేఫర్ పెట్టండి. అది కంటికి కనిపించే కాంతినంతా మింగేసి 1400ని వదులుతుంది. పూత లేకపోతే సగం దాకా ప్రతిఫలించి పోతుంది కాబట్టి, ఆ తరంగదైర్ఘ్యానికి యాంటీ రిఫ్లెక్షన్ కోటింగ్ ఉన్నదే తీసుకోండి. పరికరాల మీద వెలిగే చిన్న ఎల్ఈడీలకి, మానిటర్‌కి కూడా నల్ల టేపో గుడ్డో కప్పాలి, వీటి సంగతే చాలామంది మర్చిపోతారు. లేజర్ ఆన్‌లో ఉన్నంతసేపూ 405కి సరిపడే కళ్లద్దాలు తప్పనిసరి.

మొక్కను పెట్టే ముందు రంధ్రాలు చేసిన రేకు ముక్కతో అలైన్‌మెంట్ చూసుకోండి. రెండు తరంగదైర్ఘ్యాలు వేరు కాబట్టి రెండు వైపులా కొలత ఒకటే ఉండదు, ఫార్ ఫీల్డ్‌లో (ఫోటాన్ క్రిస్టల్ నుంచి ఏ కోణంలో వచ్చిందన్నదాన్ని బట్టి బొమ్మ ఏర్పడే అమరికలో) దాదాపు రెండున్నర రెట్లు తేడా వస్తుంది, స్కేలు ఆ రేకుతోనే తేల్చుకోవాలి.

తర్వాత టైమింగ్. రెండు వైపులా సెకనుకు లక్ష చొప్పున కౌంట్లు వస్తుంటే, 10 నానోసెకన్ల విండోలో (ఇంత తేడాలోపు వచ్చినవాటిని జంటగా లెక్కేస్తాం) జంట కానివి కాకతాళీయంగా కలిసేవి సెకనుకు 100, అదే 1 నానోసెకనుకు కుదిస్తే 10. డిటెక్టర్లు తట్టుకున్నంత మేరకు విండో తగ్గించండి. కెమెరా ప్రతి ఫోటాన్‌కీ టైమ్ ముద్ర వేసేదై ఉండాలి, మామూలు కెమెరా పనికిరాదు.

ఇంకో మాట, తయారైన బొమ్మను మాత్రమే దాచుకోకండి, టైమ్ ముద్రల ముడి డేటా మొత్తం ఉంచుకోండి. రాత్రంతా తీస్తున్నప్పుడు ఆకు మెల్లగా వాలుతుంది, డేటా చేతిలో ఉంటే దాన్ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో ఆకు ఎక్కడుందో సరిచేసి, మళ్లీ కలుపుకోవచ్చు.